ఖాళీ గదిని ప్రశ్న అడగకూడదు

కంట్రోల్ గది డ్యూటీ పుస్తకం. రాస్తున్నది త్రిమూర్తులు, ఆపరేటరు.

మొదటి రోజు, పౌర్ణమి మర్నాడు

ఈ పొద్దున నూకరత్నం గారు రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్లు ఈ గదిలో పనిచేసిన మనిషి. ఎనిమిదింటికి తన కుర్చీ తనే తుడిచి, కళ్లజోడు గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని, "వెళ్లొత్తాను త్రిమూర్తులూ" అని రేవు వైపు నడిచారు. ఒక మంచి మాట చెప్పాలని రెండు రోజులుగా మనసులో తయారు చేసుకుంటున్నాను. తీరా సమయానికి "మంచిదండి" అన్నాను. ఆవిడ టీ ఫ్లాస్కు మర్చిపోయారన్న సంగతి కూడా పడవ కదిలాకే చూశాను.

ఇక పద్నాలుగు రోజులు ఆవిడ పేరు దింపుకునే యాత్ర. సముద్రం పైకొచ్చాక మనకు మిగిలినవి ఈ పద్నాలుగు లంకలే కదా. లంక చుట్టూ గట్టు, గట్టుకి నీళ్లను ఆపే లాకు ఒకటి, లాకు తలుపులు నడిపే కంప్యూటరు పెట్టె ఒకటి. మాలో ఎవరు రిటైరైనా రోజుకో లాకు దగ్గరికి పడవలో వెళ్లి, ఆ పెట్టెలోంచి తన పేరు తన చేత్తోనే తీసేసుకోవాలి. లంక జనం దండలతో, పులిహోరతో ఎదురొస్తారు. పద్నాలుగో రోజుకి పేరు పూర్తిగా దిగిపోతుంది, పాస్‌వర్డ్ కూడా చచ్చిపోతుంది. కొత్త ఆపరేటరు వచ్చే నెలలో గానీ చేరడు. అందాకా నేనొక్కణ్ణే.

పొద్దుటి సముద్రపు పోటుకి పద్నాలుగు లాకులూ వాటంతటవే మూసుకున్నాయి. నేను చేసిన పని: టీ తాగడం.

రెండో రోజు

ఆవిడ నాకు అప్పగించిన నోటు పుస్తకం ఈ రోజు నింపాదిగా చదివాను. చదివినకొద్దీ ఆవిడ మీద గౌరవం పెరిగింది, నా మీద నాకు చిరాకూ పెరిగింది.

ఆవిడ చేరిన కొత్తల్లో ప్రతి పోటుకీ నలుగురు ఆపరేటర్లు వరసగా కూర్చునేవాళ్లట. ఒక్కొక్క లాకులోకి ఇక్కడి నుంచే లాగిన్ కావడం, పాస్‌వర్డ్ కొట్టడం, తలుపులు మూయమని చెప్పడం. రోజుకి రెండు పోట్లు. సంక్రాంతి లేదు, క్రిస్మస్ లేదు. ఆ పని దానంతట అది జరిగేలా నూకరత్నం గారు కంప్యూటరుకి ఒక స్క్రిప్ట్, అంటే వరస ఆజ్ఞలు, రాశారు. మొదటి రోజే అది ఘోరంగా దెబ్బతింది. ఒకటో లాకు దగ్గరికి వెళ్లి తలుపు తట్టింది. లాకు "పాస్‌వర్డ్?" అని అడిగింది. కొట్టడానికి గదిలో ఎవరూ లేరు. స్క్రిప్ట్ అక్కడే నిలబడిపోయింది. దాని వెనక పదమూడు లాకులూ వంతు కోసం ఎదురుచూస్తూ బార్లా తెరిచే ఉన్నాయి. ఆ పూట మూడు లంకల వరి ఉప్పునీళ్ల పాలైంది.

ఆ మర్నాడే ఆవిడ ఈ గది గోడ మీద రంగుతో పెద్దక్షరాలు రాశారు. ఇప్పటికీ ఉన్నాయి: ఖాళీ గదిని ప్రశ్న అడగకూడదు.

పాస్‌వర్డ్ తీసుకెళ్లి స్క్రిప్టులోనే రాసిపడేస్తే పని జరిగిపోయేది. మిగతా ముగ్గురూ అదే చేద్దామన్నారట. ఆవిడ ఒప్పుకోలేదు. స్క్రిప్టు చదివిన ప్రతివాడికీ పాస్‌వర్డ్ తెలిసిపోతుంది, ఇక అది రహస్యమెలా అవుతుందని దెబ్బలాడారు. బదులుగా ప్రతి లాకు పెట్టెలో ఒక కంప్యూటరు తాళం పెట్టి, దానికి సరిపోయే తాళంచెవి ఈ గది కంప్యూటర్లో పెట్టారు. మనిషి పేరు మీద కాదు, 'గది' అనే పేరు మీద. కాపలా లేకుండా పడుండే తాళంచెవి కూడా ప్రమాదమే కాబట్టి, దానికున్న బలమంతా చెక్కేసి ఒక్క పని మిగిల్చారు: తలుపులు మూయడం. తెరవడం నీటిమట్టం చూసుకుని పెట్టే చేసుకుంటుంది. పైగా ఈ గది నుంచి వస్తేనే ఆ తాళంచెవి చెల్లుతుంది. నోటు పుస్తకంలో ఆవిడ రాసుకున్న వాక్యం: "ఇది దొంగ చేతికి చిక్కినా వాడు చేయగలిగింది మన తరఫున లాకు మూసిపెట్టడమే."

ఎంత తెలివండీ ఇది! పదకొండేళ్లు పక్క కుర్చీలో కూర్చుని దీన్ని నేను మామూలు సంగతి అనుకున్నాను.

చివరి పేజీలో పద్నాలుగు లాకులకీ పద్నాలుగు వరసలు. ఒకటి నుంచి పదమూడు దాకా 'తాళంచెవి నేనే వేశాను' అని ఉంది. పద్నాలుగుకి ఎదురుగా, 'త్రిమూర్తులు వేయించాడు' అని ఉంది.

నేను వేయించలేదు.

మూడో రోజు

నిన్న అంతకన్నా రాయడానికి చెయ్యి రాలేదు. ఈ రోజు రాస్తాను.

మూడేళ్ల కిందట తుపానుకి పద్నాలుగో లాకు పెట్టె కొట్టుకుపోయింది. నూకరత్నం గారే వెళ్లి కొత్తది పెట్టించి, జ్వరంతో తిరిగొచ్చారు. తాళంచెవి పని ఇంకా మిగిలే ఉంది. "నేను లేచేదాకా నా పేరుతో లాగిన్ అయ్యి, పోటుపోటుకీ చేత్తో మూయి" అని మంచం మీద నుంచే తన పాస్‌వర్డ్ చెప్పారు. రెండు రోజులు బుద్ధిగా కొట్టాను. మూడో రోజు బద్ధకం పుట్టింది. ఆ పాస్‌వర్డ్‌ని అక్షరం పొల్లు పోకుండా స్క్రిప్టులో రాసేశాను. తర్వాత సరిచేద్దామనుకున్నాను.

ఆవిడ లేచి డ్యూటీకొచ్చాక రెండు ప్రశ్నలు అడిగారు. పద్నాలుగుకి తాళంచెవి పడిందా? వేయించానండి అన్నాను. నా పాస్‌వర్డ్ మర్చిపోయావా? మర్చిపోయానండి అన్నాను. బయటికి పొక్కని మంచి పాస్‌వర్డ్‌ని ఊరికే మార్చక్కర్లేదన్నది ఆవిడ పద్ధతి. నా మాట నమ్మి మార్చలేదు. గది రికార్డులో 'పద్నాలుగు, మూసుకుంది' అని మాత్రమే పడుతుంది. ఎవరి పేరుతో మూసుకుందో అక్కడి పెట్టె రిజిస్టరులో ఉంటుంది. అక్కడికి వెళ్లేవాళ్లు గ్రీజు చూస్తారు గానీ రిజిస్టరు చూడరు.

కాబట్టి మూడేళ్లుగా పద్నాలుగో లాకు నూకరత్నం గారి పేరు మీద మూసుకుంటోంది. పద్నాలుగో రోజున ఆ పేరు దిగిపోతుంది. ఆ రోజే అమావాస్య పోటు, పొద్దున తొమ్మిది నలభైకి. ఆ లాకు వెనక ఉన్నది పద్నాలుగు లంకలకీ తాగునీళ్లిచ్చే చెరువు.

ఐదో రోజు

అప్పట్లో అక్కడ గ్రీజు పెట్టేవాళ్ల చేత కూడా వేయించగలిగేవాళ్లం. ఇప్పుడు పెట్టెకి కొత్త తాళంచెవి వేయాలంటే సర్వీసులో ఉన్న ఆపరేటరు దాని ఎదుట నిలబడి వేలిముద్రకి వేలు పెట్టాలి. రిటైరైన నూకరత్నం గారి వేలు దీనికి చెల్లదు. సర్వీసులో ఉన్నది నేనొక్కణ్ణే. నేను పడవెక్కితే గంటలో కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకుంటాను. పదకొండేళ్లలో ఒకటో లాకు దాటి పోలేదు. పద్నాలుగు రెండు రోజుల దూరం. పైగా గది ఎవరికి వదలను? పోటు వేళకి ఈ గదిలో మనిషి లేని రోజు నేను చేరాక ఒక్కటీ లేదు.

ఏదో ఒక సందు దొరుకుతుందేమోనని ఇక్కణ్ణుంచే ప్రయత్నించాను. పెట్టె 'వేలు పెట్టండి' అంది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ అదే అంది. దానికి ఓపిక ఎక్కువ.

సాయంత్రం నూకరత్నం గారికి వైర్‌లెస్ కలిపాను. ఐదో లంకలో ఉన్నారు. వెనక డప్పులు వినిపిస్తున్నాయి.

"పిన్నిగారండీ, రిటైరైన వాళ్ల పాస్‌వర్డ్ ఇంకో నెల బతికుండే వీలేమైనా ఉంటుందాండీ? ఊరికే అడుగుతున్నాను."

"ఎందుకయ్యా? బతికుండగానే దెయ్యాన్ని చేసి తిప్పుతావా నన్ను?" అని గట్టిగా నవ్వారు. "పేరు దిగితే దిగినట్టే. లేపోతే రేపు నేను పోయాక కూడా నూకరత్నం వచ్చి తలుపులు మూసెళ్లిందంటారు. జనం జడుసుకోరూ?"

నేనూ నవ్వాను.

తొమ్మిదో రోజు

చెరువు కాపలా చూసే దైవకృప గారు పద్నాలుగో లంక నుంచి పిలిచారు. పెద్దావిడకి చేసే మర్యాదల గురించి మాట్లాడి, చివర్లో అన్నారు:

"అమాసకి నీరు బాగా ఎత్తొచ్చేలా ఉందండి. లాకు బాగానే ఉందాండీ?"

"బాగానే ఉందండి."

"మీరున్నారు కదాని ధైర్యమండి. తుపాను నాడు ఉప్పు కలిసింది చూశారూ, ఎనిమిది నెలలు పట్టింది చెరువు తేరుకోటానికి. మా చిన్నదానికప్పుడు ఏడాదండి. దాని పాలల్లోకి నీళ్ల కోసం రోజూ రేవులో బారులు తీరి నిలబడేదాన్ని. ఆ రోజులు మళ్లీ వద్దండి బాబూ."

ఆ రోజులు నాకూ గుర్తున్నాయి. ఆపరేటరునని మా ఇంటికి రోజూ రెండు బిందెలు అదనంగా వచ్చేవి. నా మీద నాకు అసహ్యం వేసింది.

పదో రోజు

చెప్పేశాను. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

"పిన్నిగారండీ, ఒక మాట చెప్పాలండి."

"తొందరగా చెప్పు, ఇక్కడ బూరెలు చల్లారిపోతన్నాయి."

"పద్నాలుగుకి తాళంచెవి లేదండి. మీ పాస్‌వర్డ్ స్క్రిప్టులో రాశానండి. అప్పట్నుంచీ అలాగే నడుస్తోందండి."

అటువైపు బూరెల గిన్నె పక్కన పెట్టిన చప్పుడైంది.

"మర్చిపోయానన్నావు కదా."

"అబద్ధం చెప్పానండి."

"నేను లేని చోట నా పేరు తిప్పావన్నమాట. రోజుకి రెండుసార్లు. మూడేళ్లు."

"అవునండి."

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. తర్వాత వచ్చింది నేను పదకొండేళ్లుగా ఎరిగిన డ్యూటీ గొంతు.

"పోటు ఎన్నింటికి?"

"అమాస పొద్దున్న తొమ్మిది నలభైకండి."

"తాళంచెవి ఇయ్యాళ చెయ్యి. మూయటం తప్ప ఇంకేమీ రాకూడదు దానికి. స్క్రిప్టులో తాళంచెవి ముందు పెట్టు, పాస్‌వర్డ్ వెనక పెట్టు. నువ్వు దారిలో ఉన్నన్నాళ్లూ పాతది పనిచేత్తది. రెండూ కుదరకపోతే అక్కడ నిలబడి ఎవరినీ ఏమీ అడక్కూడదు. ఆ లంకలో సైరను మోగించి పక్కకి పోవాలి. అయ్యాక పడవెక్కు."

"గదిలో ఎవరుంటారండి?"

"ఎవరూ ఉండరు."

"ఎవరూ లేకుండా ఎలాగండి?"

"ముప్పై ఏళ్లు నేను రాసింది మరి దేనికనుకున్నావయ్యా?" ఇప్పుడు కోపం వచ్చింది ఆవిడకి. "నువ్వు కుర్చీలో కూచుని గుడ్లప్పగించి చూత్తంటే మూసుకుంటన్నాయనుకున్నావా అవి?"

నిజం రాస్తున్నాను. అలాగే అనుకున్నాను.

పన్నెండో రోజు

తాళంచెవి తయారు చేసి ఆరుసార్లు సరిచూశాను. దాని జోడు తాళం చిన్న పెన్‌డ్రైవులో మెడకి కట్టుకున్నాను. ఫ్యాను ఆపాను. దీపం ఆపాను. గది దాటి పోకూడని ఈ డ్యూటీ పుస్తకం సంచిలో పెట్టుకున్నాను, నూకరత్నం గారి ఫ్లాస్కు కూడా. తలుపుకి తాళం వేసి, మళ్లీ తీసి గోడ మీది రాత ఒకసారి చదువుకుని, మళ్లీ వేశాను. పద్నాలుగో లంకకి దొరికిన మొదటి పడవ మధ్యాహ్నం రెండింటికి కదిలింది. రెండున్నరకి నా కడుపు కదిలింది.

పదమూడో రోజు, పడవలో

రాత అటూ ఇటూ పోతోంది. చదివేవాళ్లు మన్నించాలి.

పొద్దున పోటు వేళకి పడవ నడిపే సరంగును బతిమాలి ఇంజను ఆపించాను. వైర్‌లెస్ పెట్టాను. లాకు మూసుకోగానే దాని పెట్టె తన అంకె చెబుతుంది. ఈ గొంతులు రోజూ వింటాను, కానీ ఎప్పుడూ గదిలో కూర్చునే విన్నాను. ఇప్పుడు ఆ గది చీకటిగా ఉంది. కుర్చీ ఖాళీ. గది తలుపు తాళంచెవి నా జేబులో.

"ఒకటి, మూసుకుంది."

"రెండు, మూసుకుంది."

నేను పడవ అంచు పట్టుకుని ఒకపక్క వాంతి చేసుకుంటూ, ఇంకోపక్క వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. మూడు. నాలుగు. ఐదు. ఎక్కడా తడబాటు లేదు. ఒక్కొక్క లాకు దగ్గరా తలుపు తట్టడం, తాళంచెవి చూపించడం, ఒక్క మాట చెప్పడం, వచ్చేయడం. ఎవరినీ ఏమీ అడగలేదు. ఎవరి కోసమూ ఆగలేదు. ఇన్నేళ్లూ ఈ పని ఇలాగే జరుగుతోంది. కాపలా కాస్తున్నది నేననుకున్నాను గానీ, కాపలా కాసింది ఆవిడ ఆలోచన. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సరంగు సముద్రపు జబ్బు అనుకుని నిమ్మకాయ ఇచ్చాడు.

పదమూడు తర్వాత ఒక్క క్షణం ఆలస్యమైంది. కొత్త తాళంచెవికి అక్కడింకా తాళం లేదు కాబట్టి పాస్‌వర్డ్ దాకా వెళ్లాల్సొచ్చింది.

"పద్నాలుగు, మూసుకుంది."

ఆ ఒక్క క్షణం నాది.

పద్నాలుగో రోజు, అమావాస్య

ఎనిమిదిన్నరకి రేవు చేరాను. గట్టు మీద షామియానా, జనం, దండలు. నూకరత్నం గారు వాళ్ల మధ్యలోంచి లేచి నన్ను పెట్టె దగ్గరికి తీసుకెళ్లారు. పలకరింపు లేదు. నా ముఖం చూసి మాత్రం, "బతికే ఉన్నావా?" అన్నారు.

పెన్‌డ్రైవు పెట్టాను. 'వేలు పెట్టండి' అంది పెట్టె. పెట్టాను. ఒప్పుకోలేదు. రెండు రోజుల ఉప్పు తడికి వేలు ముడతలు పడిపోయింది. చొక్కాకి తుడుచుకున్నాను. చొక్కా అంతకన్నా తడి. మళ్లీ ఒప్పుకోలేదు. లాకు బయట నీళ్లు మెట్టు మీద మెట్టు ఎక్కుతున్నాయి. నూకరత్నం గారు సంచిలోంచి కళ్లజోడు గుడ్డ తీసి, నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడికి తుడిచినట్టు వేలు తుడిచారు. మూడోసారి పెట్టె ఒప్పుకుంది.

తాళం పడింది. గంటన్నా లేదు పోటుకి.

పేరు దింపే ముందు ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పెట్టె రిజిస్టరు తెరిచారు. నూకరత్నం, నూకరత్నం, నూకరత్నం. రెండు వేల పైచిలుకు వరసలు. వేలితో పైకి జరుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆగారు.

"మా అక్క పోయిన రోజు ఇది. ఆ రోజు నేను మంచం మీంచి లేవలేదు. ఇక్కడికి మాత్రం రెండుసార్లు వచ్చానంట, చూడు."

ఆవిడ చేతులు పట్టుకున్నాను. "తప్పయిపోయిందండి."

"నాతో చెప్పటం కాదు. అందులో రాయి. ఇవి నావి కావని, నీవని రాయి. నా పేరు శుభ్రంగా దిగాలి."

రాశాను: 'మూడేళ్లుగా నూకరత్నం పేరుతో నమోదైన ప్రవేశాలు ఆమెవి కావు. ఆమె పాస్‌వర్డ్‌ను ఆమెకు తెలియకుండా వాడినది త్రిమూర్తులు, ఆపరేటరు.' కింద వేలు పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివి తలూపారు. అప్పుడు తన పేరు మీద వేలు ఆనించి దింపేశారు. జనం చప్పట్లు కొట్టారు. దైవకృప గారు దండ వేశారు. దైవకృప గారి పక్కన నిలబడ్డ వాళ్ల చిన్నమ్మాయికి నాలుగేళ్లుంటాయి.

తొమ్మిది నలభై. ఇప్పుడు వెనక పాస్‌వర్డ్ లేదు. తాళంచెవి పని చేయాలి, లేదా సైరను మోగాలి. ఒకటి నుంచి పదమూడు దాకా గొంతులు వినిపించాయి. ఆలస్యం లేదు.

"పద్నాలుగు, మూసుకుంది."

మా కాళ్ల కింద ఇనప తలుపులు కలుసుకున్నాయి. సముద్రం వచ్చి వాటిని గుద్దుకుని ఆగిపోయింది. రిజిస్టరులో కొత్త వరస పడింది: గది. దైవకృప గారు చెరువు మెట్లు దిగి దోసిలితో నీళ్లు తాగి, పైకి చూసి, "తియ్యగా ఉన్నాయండీ" అని అరిచారు.

నేను అక్కణ్ణుంచే నా పేరుతో, నా వేళ్లతో నా పాస్‌వర్డ్ కొట్టి, కంట్రోల్ గదిలోకి లాగిన్ అయ్యాను. స్క్రిప్టు తెరిచి ఆవిడ పాస్‌వర్డ్ ఉన్న వరస చెరిపేశాను.

తర్వాత సంచిలోంచి ఫ్లాస్కు తీసి ఇచ్చాను. సరంగు చేత టీ పోయించి ఉంచాను. ఆవిడ ఫ్లాస్కు అటూ ఇటూ తిప్పి చూసి, మూతలో టీ వంచి ముందు నాకిచ్చారు.

"గదిలో ఎవరున్నారు త్రిమూర్తులూ?" అనడిగారు, తెలియనట్టు.

"ఎవరూ లేరండి."

"మరింకేం, కూచో" అని గట్టు మీద పక్కకి జరిగారు. కూర్చున్నాను.